ముల్లు ఎవరి ఎదుట ఉండాలి

డీజిలు బండ్లు తయారుచేసే పెద్దమనుషుల మీద నాకొక అభియోగం ఉంది. కిటికీ అద్దం దించడానికి మీట పెట్టారు, పాటలకు పెట్టె పెట్టారు, సిగరెట్టు అంటించుకోవడానికి ఒక కన్నం కూడా పెట్టారు. ఇంజను ఎంత వేడెక్కిందో చెప్పే ముల్లు మాత్రం పెట్టలేదు. దానికి బదులు ఒక ఎర్ర దీపం ఇచ్చి ఊరుకున్నారు. ఆ దీపం వెలిగేసరికి జరగవలసిన నష్టం జరిగిపోయి ఉంటుంది.

నిరుడు అనంతగిరి ఘాటీ ఎక్కుతుండగా నా పికప్పుకు జరిగింది అదే. ఆవిరి ముందు వచ్చింది. దీపం తరవాత వెలిగింది. ఇంజను హెడ్డు వంకర తిరిగింది. దాన్ని విప్పి విశాఖపట్నం పంపి, చెక్కించి తెప్పించేదాకా మా ఊరి అల్లం, రాజ్మా ఇళ్ళలోనే ఉండిపోయాయి. మా కొండమీద శృంగవరపుకోట సంతకు సరుకు దించే బండి అదొక్కటే. హెడ్డు తిరిగి బిగిస్తూ అరకు మెకానిక్కు నన్ను హెచ్చరించాడు.

"బాబుగారూ, ఇంక సెక్కడానికి ఇందులో ఇనుము నేదు. మరోపాలి మరిగిందంటే ఇంజనుకి దండేసీడమే."

ఆ మాట మనసులో నాటుకుని రెండు మీటర్లు తెప్పించాను: నీటి వేడికి ఒకటి, ఆయిలు ప్రెషరుకు ఒకటి. తెప్పించడం తేలిక. ఎక్కడ బిగించాలన్నదే అసలు సమస్య. ఏ పనినైనా ముందు కాగితం మీద పెట్టడం నా పద్ధతి కనుక, బండి లోపలి భాగమంతా కొలిచి బొమ్మ గీసుకుని, మా ఆవిడను వెంటబెట్టుకుని మెకానిక్కు షెడ్డుకు వెళ్ళాను. మెకానిక్కు ఆ కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఇది బండా, ఇంటి ప్లానా బాబూ? వంటగది ఏ వేపు?"

నేను నవ్వలేదు. ముందు నీటి మీటరు సంగతి తేలుద్దామన్నాను. గేరు రాడ్డు ముందు పెడదామన్నాడు. అక్కడ నడిమి సీటులో కూర్చున్నవారి మోకాళ్ళు, వారి ఒళ్ళోని బుట్ట అడ్డం వస్తాయి కనుక ఆ స్థలాన్ని కొట్టివేశాను. డ్యాష్‌బోర్డు పైన అనుకుంటే, అక్కడ మా ఆవిడ పెట్టుకున్న పైడితల్లమ్మ పటం ఉంది. కాస్త జరుపుదామన్నాను.

"అమ్మోరిని జరుపుతారా?" అంది మా ఆవిడ. "బండి మరిగిన నాడు మనల్ని లోయలో పడకండా కాసినాది మీటరేటి?"

చివరకు ముందు అద్దానికీ నా తలుపుకూ నడుమ ఉన్న ఇనుప స్తంభాన్ని ఎంచుకున్నాను. షెడ్డు ముందు చదును నేలమీద డ్రైవరు సీట్లో నిటారుగా కూర్చుని పరీక్షించాను. తల కదపకుండా ముల్లు కనిపిస్తోంది. బిగించేశాం. ఇంత సక్రమమైన ఎంపిక మరొకటి ఉండదని ఇంటికి వచ్చి రాసి పెట్టుకున్నాను కూడా.

తరవాతి సంతరోజున, ఘాటీ దిగుతూ కుడివైపు తిరిగే మొదటి మలుపులోనే, మీటరు వెనకనుంచి బస్సు వచ్చింది.

కుడి మలుపులో ఎదురు వచ్చే బండిని చూడవలసింది సరిగ్గా ఆ స్తంభం పక్కనుంచే. అసలే లావైన ఆ స్తంభానికి నేను పిడికెడంత గుండ్రటి వస్తువును తగిలించాను. చదును నేలమీద మలుపులు ఉండవు కనుక ఆ సంగతి పరీక్షలో తేలలేదు. బస్సు డ్రైవరు నా పక్కనే ఆపి తల బయటపెట్టాడు.

"తాతా, రోడ్డు సూత్తన్నావా, గడియారం సూత్తన్నావా?"

అంటూనే బస్సు కదిలించాడు. బండిని పక్కకు తీసి, మీటర్లు చేసేవాళ్ళను, స్తంభాలు చేసేవాళ్ళను, బస్సులు నడిపేవాళ్ళను వరసగా తిడుతూ కూర్చున్నాను. ఆరోజు మా ఆవిడ కిటికీ పక్కన, మా పక్కింటి ముసలమ్మ మా ఇద్దరి నడుమ కూర్చున్నారు. ముసలమ్మకు కొండవాలున సామ, చోడి వంటి చిరుధాన్యాల చేలు, కొద్దిగా కాఫీ తోట ఉన్నాయి. పైరు వెన్ను తీసిందంటే చేలోని మంచె ఎక్కి కాపలా కాస్తుంది. పక్షులనూ పందులనూ అరిచి తోలడం ఆమెకు చిన్ననాటినుంచీ ఉన్న పని. నా తిట్లు అయ్యేదాకా ఓపిక పట్టి, తన ఎదుటి చోటు చూపించింది.

"నీకేల బాబూ ముల్లు? నువ్వు రోడ్డు సూడు. ముల్లు నా ముందెట్టు, నేను కాత్తాను."

మీటరు డ్రైవరు కోసం చేసిన వస్తువనీ, ప్రపంచమంతటా డ్రైవరు ఎదుటే ఉంటుందనీ వివరించాను.

"పెపంచకమంతా మన ఘాటీ ఎక్కుతాదేటి?" అంది మా ఆవిడ.

మరో స్థలం తోచక ఒప్పుకున్నాను. పాటల పెట్టె పైన, నడిమి సీటుకు సూటిగా మీటరు బిగించాం. మొదటి ప్రయాణంలోనే మంచె మీది కేక నా చెవి పక్కన లేచింది.

"హోయ్! హోయ్ హోయ్!"

వెనక గంపలోని కోళ్ళు గగ్గోలెత్తాయి. ఆపి చూస్తే ముల్లు వెంట్రుకవాసి పెరిగింది. కొంచెం దూరం వెళ్ళాక మళ్ళీ కేక. ఈసారి ముల్లు తగ్గింది.

"తగ్గితే ఎందుకు అరిచావమ్మా?"

"కదిలినాది గదా! సేలో ఆకు కదిలితే పంది వచ్చినాదో, గాలి వచ్చినాదో సూసి అరుత్తామేటి? ముందు అరుత్తాం."

వాదించి లాభం లేదని, మా ఆవిడ తిలకం సీసా అడిగి, మీటరు అద్దం మీద ఎర్రగీత గీశాను. ముల్లు ఆ గీత దాటితేనే కేక వేయాలన్నది ఒప్పందం. తన పనిలో నేను వేలు పెట్టానన్నట్టు ముసలమ్మ ఆ గీతను గోటితో గీకి చూసింది.

ఆ నెలలోనే ఒకరోజు శృంగవరపుకోట నుంచి బియ్యం బస్తాలు, ఎవరో ఇల్లు కడుతుంటే వారి సిమెంటు వేసుకుని ఘాటీ ఎక్కుతున్నాం. ఎర్రదీపం గురించి కంపెనీకి రాయదలచిన ఉత్తరం సారాంశాన్ని నేను మా ఆవిడకు వినిపిస్తున్నాను. మూడో ఆక్షేపణ సగంలో ఉండగా కేక పడింది.

"గీత దాటిందా?" అన్నాను.

"దాటినాది. బేగి ఆపీ!"

"ఇంకోసారి సరిగ్గా చూసి చెప్పు."

"నేను సూసేసినాను. నువ్వాపు!"

కాఫీ తోట వార ఆపాను. నా ఎదుట ఎర్రదీపం అప్పటికీ వెలగలేదు. బానెటు ఎత్తితే, రేడియేటరు కింది గొట్టానికి వేసిన క్లిప్పు సడలి, నీళ్ళు ధారగా కారిపోతున్నాయి. ముసలమ్మ వంగి ఆ క్లిప్పును తేరిపార చూసింది.

"ఇదిగో నీ పంది," అంది.

ఇంజను చల్లారేదాకా ఆగి, క్లిప్పు బిగించి, పక్కనే పారే గెడ్డలోంచి నీళ్ళు తెచ్చి పోసి, బియ్యంతోనూ సిమెంటుతోనూ ఊరు చేరాం. హెడ్డు క్షేమం. వారం తిరక్కుండానే అల్లం బస్తాలు మళ్ళీ ఘాటీ దిగాయి.

ఆయిలు మీటరు అప్పటిదాకా పెట్టెలోనే ఉంది. దాన్ని బిగించడానికి ముగ్గురం షెడ్డుకు వెళ్ళాం. కనీసం ఇదైనా నా ఎదుట పెట్టమని నేను కాగితం తీస్తుండగానే మెకానిక్కు ముసలమ్మ వైపు తిరిగాడు.

"ఇదీ నీ ముందేనా, అమ్మా?"

"రెండు సేలు ఒక్క మనిసి కాయలేదు. అది ఆయమ్మ ముందెట్టు."

మా ఆవిడ పైడితల్లమ్మ పటాన్ని తానే నాలుగు వేళ్ళ మేర జరిపింది.

ఇప్పుడు ఆయిలు మా ఆవిడ చూస్తుంది, నీళ్ళు ముసలమ్మ చూస్తుంది. నా ఎదుట మాత్రం కంపెనీవారు దయచేసిన ఎర్రదీపం ఒక్కటే మిగిలింది.