రంగూనుకు పోవాలని కుప్పం దాకా పోయినాను

ప్రభువునందు ప్రియమైన సహోదరులారా, సహోదరీలారా, ఈ పొద్దు మీ ముందర నిలబడి ఇంత గట్టిగా మాట్లాడతాండానంటే అదే నాకు దేవుడు చేసిన మేలు, ఎందుకంటే ఒక కాలంలో నాలుగు మాటలు వరసగా పలికితే నా నోట్లో నెత్తురు కనబడేది!

నా పేరు దేవదానం, మాది పుంగనూరు, కంసాలి ఇంట్లో పుట్టినోణ్ణి. నా భార్య శాంతమ్మ మదనపల్లె మిషన్ బడిలో చదువుకున్న మనిషి, ఆమె ప్రార్థనల వల్లనే నేను బాప్తిస్మం తీసుకున్నాను, తీసుకున్న తర్వాత తాళిబొట్టు చేసే చెయ్యి వేరే మతంలో కలిసిందని పెళ్లిళ్లవాళ్లూ, నా కులంవాళ్లూ నా గడప తొక్కేది మానేసినారు. ఒక్క మునాచారి మాత్రం మారలేదు. ఆయన నాతోబాటే పని నేర్చుకున్న స్నేహితుడు, మన విశ్వాసి కాదు, అయినా తన దగ్గరికి వచ్చిన కమ్మలో ముక్కుపుడకో తెచ్చి, "నువ్వే చెయ్యప్పా, నాకు తీరిక లేదు" అని నా ముందర పెట్టి పోయేవాడు. తీరిక లేకేమి, ఆయనకూ పని తక్కువే!

అంతలో యుద్ధం వచ్చింది, బంగారం మొహం చూసేవాళ్లే కరువైనారు, అప్పుడు రంగూనులో నగల దుకాణం గుమాస్తా ఒకాయన కుప్పం సత్రంలో దిగినాడని, మంచి పనివాళ్లను ఏరుకుని మద్రాసులో ఓడ ఎక్కిస్తాడని తెలిసి మేమిద్దరమూ పనిముట్లు మూట కట్టుకుని బస్సెక్కినాము. అప్పటికే నాకు దగ్గు. శాంతమ్మ, "ఆ దగ్గుతో సముద్రం దాటి యాడికి పోతావు?" అని ఏడ్చింది, పొగ వల్ల వచ్చిన దగ్గులే అని నేను వినలేదు.

గుమాస్తా మమ్మల్ని ఎదురుగా కూర్చోబెట్టుకుని చెరి ఒక కమ్మ చేసి చూపించమన్నాడు. సహోదరులారా, మా పనిలో అతుకు పెట్టాలంటే ఊదుగొట్టం నోట పట్టుకుని, దీపం మంట నగ మీద పడేటట్టు ఊపిరి తెగకుండా ఊదాల. నేను ఊదినాను, మంట బాగానే నిలిచింది, అతుకు కరిగే సమయానికి నా రొమ్ములో ఏదో తెగినట్టయి నోరంతా వెచ్చగా, ఉప్పగా అయిపోయింది, ఊదుగొట్టం కొసన నెత్తురు! మునాచారి గబుక్కున దాన్ని లాక్కుని తన పంచెకు తుడిచి, "మాట్లాడొద్దు, నీ కమ్మ నేను ముగిస్తాను" అని చెవిలో అన్నాడు, కానీ గుమాస్తా అప్పటికే చూసినాడు, లేచి దూరంగా జరిగి నిలబడి, నన్ను బయటికి పొమ్మని చెయ్యి చూపించినాడు.

మునాచారి పని ఆయనకు నచ్చింది. సాయంత్రం బండికే మద్రాసు పోవాల. కుప్పం స్టేషన్లో మునాచారి నా చెయ్యి విడవకుండా, "నువ్వు లేందే నేను యాల పోవల్లప్పా? నిన్ను ఇంటికాడ దింపి వస్తాను" అన్నాడు. నేనే పొమ్మన్నాను. "ఒకరన్నా బతకాల, పో" అని బండెక్కించినాను.

ఆ తర్వాత మదనపల్లె క్షయ ఆస్పత్రిలో మంచం పట్టినాను. డాక్టరు పక్కటెముకల సందున సూది దించి గాలి ఎక్కించి, పుండు మానేదాకా చెడిన ఊపిరితిత్తిని ఆడకుండా అణిచిపెట్టేవాడు, కదలకూడదు, మాట్లాడకూడదు. మా చంటిబిడ్డను లోపలికి రానిచ్చేవాళ్లు కాదు, శాంతమ్మ గేటు బయట ఎత్తి చూపించేది. అక్కడ పడుకుని నేను దేవునితో కొట్లాడినాను! "ప్రభువా, నీ కోసం నా వాళ్లనంతా పోగొట్టుకున్నాను, మిగిలింది ఊపిరొక్కటే, దాన్నీ తీసుకుంటావా?" అని అడిగితే దగ్గు ఒక్కటే జవాబు.

క్రిస్మసుకు వార్డులో కాగితం తోరణాలు కడతా ఉండగా, నర్సు ఒకామె పేపరు చదివి రంగూను మీద బాంబులు పడినాయని చెప్పింది. వద్దన్నవాణ్ణి బండెక్కించింది నేనే కదా! ఆ పొద్దు నుంచి నా ప్రార్థన మారిపోయింది సహోదరులారా, నా ఊపిరి కోసం అడిగేది మరిచిపోయినాను, "ప్రభువా, మునాచారి యాడుండాడో నీకు తెలుసు, నేను పొమ్మంటే పోయినాడు, ఆయన్ని తెచ్చియ్యి, నన్ను తీసుకున్నా సరే, ఆయన్ని తెచ్చియ్యి" అని మంచం కోళ్లు పట్టుకుని ఏడ్చినాను. నాకు మొదటిసారి మనసు నిమ్మళించింది ఆ ఏడుపులోనే! జ్వరం ఎప్పుడు దిగడం మొదలుపెట్టిందో నేను గమనించలేదు, డాక్టరు గమనించి, "నువ్వు నిలబడ్డావయ్యా" అన్నాడు. దేవునికే మహిమ!

నన్ను ఇంటికి పంపినారు, మునాచారి జాడ మాత్రం లేదు. వానలు పడే కాలంలో ఒక సాయంత్రం మా గుమ్మంలో ఎముకల గూడు మాదిరి ఒక మనిషి నిలబడినాడు, కాళ్లకు గోనె గుడ్డలు, శాంతమ్మే ముందు గుర్తుపట్టి కేక వేసింది. రంగూను నుంచి ఓడ దొరక్క అడవులూ కొండలూ నడిచి వచ్చినాడు, కూడా నడిచినవాళ్లు దారిలోనే చాలామంది రాలిపోయినారంట. అన్నం తిన్న తర్వాత నేను ఏదో చెప్పబోతే చెయ్యి అడ్డం పెట్టి, "నిన్ను ఓడ ఎక్కనీకుండా మీ దేవుడే ఆపినాడని మాత్రం నాతో చెప్పొద్దప్పా. నాతో నడిచినవాళ్లను యాల ఆపలేదని అడుగుతాను" అన్నాడు. ఆ ప్రశ్న ఈ పొద్దుకీ నన్ను విడవలేదు. మళ్లీ ఆయనే, "దారిలో అందరు దేవుళ్లనూ పిలిచినా, నీ దేవుణ్ణీ పిలిచినా. ఎవరు విన్నారో తెలీదు, ఎవరో విన్నారు" అన్నాడు. నేను ఆయన కాళ్లు పట్టుకుని ఏడ్చినాను.

ఇప్పుడు పుంగనూరులో మా ఇద్దరిదీ ఒకటే అంగడి, నేను ఊదకూడదని డాక్టరు చెప్పినాడు గనక అతుకులు ఆయన పెడతాడు, రాళ్లు నేను పొదుగుతాను, నా గడప తొక్కనివాళ్లు కూడా ఇప్పుడు వచ్చి కూర్చుంటాండారు.

నేనెందుకు బతికినానో నాకు తెలియదు, ఎవరు బతికించినారో తెలుసు! ఇక్కడ రోగంతో, దిగులుతో కూర్చున్నవాళ్లు ఎవరైనా ఉంటే, ఆయనతో కొట్లాడాలంటే కొట్లాడండి, కానీ విడిచి పోవద్దండి, ఆయన మిమ్మల్ని విడిచేవాడు కాడు. ఆ వాకిలి దగ్గర తలగుడ్డ ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడే, ఆయనే మునాచారి. ఇంకా మనలో చేరలేదు, నన్ను బస్సులో పదిలంగా తీసుకొచ్చినాడు, అంతే. నేను ఒక్క మాట కల్పించి చెప్పుంటే లేచి అడుగుతాడు. ఆయన కోసం ప్రార్థించండి, పోయేటప్పుడు ఆయనతో ఒక మాట మాట్లాడి పోండి. ప్రభువుకే స్తోత్రం, ఆమేన్!