మూడు క్లిప్పులు, ఆరు మార్కులు

ఇనీడ్ గార్సైడ్ ఇంట్లో బట్టలారేసే తాడు మీద ఎప్పుడూ క్లిప్పులు తక్కువే. డజను చెక్క క్లిప్పులు కొంటే వారం తిరక్కుండా మూడు మాయం. దొంగను వెతకనక్కర్లేదు. గ్యారేజీలో పాత ఆకుపచ్చ కారు కింద నుంచి రెండు కాళ్లు కనిపిస్తూనే ఉండేవి. పెళ్లయిన ఇన్నేళ్లలో ఆమె భర్త రెజ్‌తో ఆడిన మాటల్లో సగం ఆ కాళ్లతోనే.

ఎండ రోజున ఆ కారు ట్రాఫిక్‌లో నిలబడితే పెట్రోలు గొట్టం వేడెక్కి, లోపలి పెట్రోలు ఆవిరై, ఇంజను ఆగిపోయేది. గొట్టానికి చెక్క క్లిప్పులు పెడితే వేడిని చెక్క లాగేసుకుంటుందని రెజ్ నమ్మకం. అది నిజమో కాదో తేల్చగల చదువుకున్నవాడు వాళ్ల యార్క్‌షైర్ జిల్లా మొత్తంలో దొరకలేదు. కారు మాత్రం మళ్లీ ఆగలేదు.

ఏటా ఆగస్టులో పాత కార్ల ప్రదర్శన. తొంభై మైళ్లు నడుపుకుంటూ వెళ్లి, ఓ ప్రభువు బంగళా ముందు గడ్డిలో కారు నిలబెట్టి, వెనకాల మడత కుర్చీలు వేసుకుని, సాయంత్రం దాకా సొంత డిక్కీని చూస్తూ కూర్చోవడమే పండగ. దారిన పోయేవాడెవడైనా ఆగి "మా నాన్నకి ఇలాంటిదే ఉండేది" అంటే జన్మ ధన్యం. మధ్యాహ్నం జడ్జి వచ్చి బానెట్ ఎత్తించేవాడు. ఫ్యాక్టరీలో బిగించనిది ఏది కనబడ్డా మార్కులు కోత. క్లిప్పుకి రెండు చొప్పున ఆరు. పదకొండేళ్లుగా బహుమతి కప్పు ఆ ఆరు మార్కుల దగ్గరే పోతోంది.

"ఆ ఒక్క గంటా తీసేస్తే నీ సొమ్మేం పోయింది?" అని ఇనీడ్ అడిగేది.

"అవి తీసేస్తే అది కారు కాదు, బొమ్మ" అనేవి కాళ్లు.

ఫిబ్రవరిలో రెజ్ పోయాడు. తర్వాత ఆమె ఒక డజను క్లిప్పులు కొంది. ఒక్కటీ పోలేదు.

ఆగస్టు రాగానే రెజ్ స్నేహితుడు క్లైవ్ దిగాడు. అతనికి ఒక ఎర్ర కారు, జేబులో ఎప్పుడూ ఒక పాలిష్ గుడ్డ ఉంటాయి. "ఈసారి రెజ్ కోసం కప్పు కొట్టి తీరాలి" అన్నాడు. రెజ్ ఉన్నప్పుడు ఎవరికీ పట్టని కప్పు, రెజ్ పోగానే అందరికీ ముద్దొచ్చింది. రెజ్ చేతులతో సిద్ధం చేసిన కారును ఒక్కసారి, అతను ఉంచినట్టే, అక్కడ నిలబెట్టి రావాలన్నదే ఇనీడ్ కోరిక. అందుకే బయల్దేరింది. తనే నడిపింది. పక్కన పొరుగింటి బెరిల్ కూర్చుంది, ముందు క్లైవ్ ఎర్ర కారు దారి చూపింది.

దారిలో టీకి ఆగారు. ఆడవాళ్లు టాయిలెట్ వరుసలో ఉండగా క్లైవ్ "ఒకసారి తుడుస్తా" అని ఆకుపచ్చ కారు బానెట్ ఎత్తాడు. పొద్దుటి చల్లదనం కాబట్టి కారు ఏమీ అనలేదు.

రెండింటికి జడ్జి వచ్చాడు, చేతులకు తెల్ల తొడుగులు వేసుకుని, ఆపరేషన్‌కి వచ్చినట్టు. బానెట్ లేచింది. ఇనీడ్ కళ్లు తిన్నగా గొట్టం మీదకు పోయాయి. అక్కడ క్లిప్పుల్లేవు.

"క్లైవ్, నా క్లిప్పులేవి?"

"ఏ క్లిప్పులు?"

"బట్టల క్లిప్పులు. మూడు. ఒకదానికి కొస విరిగింది."

క్లైవ్ జడ్జి వైపు ఒక నవ్వు పారేసి గొంతు తగ్గించాడు. "ఆయన వెళ్లాక పెడతాలే తల్లీ. కప్పు మనదే. దాని మీద రెజ్ పేరు చెక్కుతారు."

"సమాధి రాయి మీద చెక్కించాను. ఒకసారి చాలు. ఇటివ్వు."

"ఇచ్చెయ్యవయ్యా" అంది బెరిల్. "ఆర్నెల్లలో ఈవిడ ఇన్ని మాటలు మాట్లాడ్డం ఇదే మొదలు."

క్లైవ్ జేబులోంచి తీశాడు. ఎక్కడ పెట్టాలో ఇనీడ్‌కి ఎవరూ చెప్పక్కర్లేకపోయింది. మురికి పట్టిన గొట్టం మీద మూడు చోట్ల శుభ్రంగా ఉంది.

"మేడమ్, నా కళ్లముందు పెడితే మార్కులు తగ్గించక తప్పదండి" అన్నాడు జడ్జి.

"తగ్గించండి. పదకొండేళ్లుగా రాస్తున్నారుగా, చెయ్యి అలవాటయ్యే ఉంటుంది."

కప్పు ట్రెయిలర్ మీద దుప్పటి కప్పుకుని వచ్చిన కారుకి దక్కింది. నలుగురు కిందికి తోశారు, నలుగురు పైకి తోశారు. అది స్టార్టవుతుందా అని అడగడం అక్కడ మర్యాద కాదు. క్లైవ్ గంటసేపు తన ఎర్ర కారును తుడుస్తూ కూర్చున్నాడు. అతనికీ రెజ్ లేని బాధే. దాన్ని చూపించుకోవడానికి ఆ గుడ్డ తప్ప ఇంకేమీ లేదు పాపం.

అయిదింటికి మూడు వందల కార్లు ఒకే గేటు వైపు కదిలాయి, అంటే కదల్లేదు. ఎండ మాడ్చేస్తోంది. ముందున్న ఎర్ర కారు రెండుసార్లు దగ్గి చచ్చిపోయింది. ఆకుపచ్చది మాత్రం గురగురమంటూనే ఉంది.

క్లైవ్ దిగి, నేల చూపులు చూస్తూ కిటికీ దగ్గరికొచ్చాడు. "ఇనీడ్... నీ దగ్గర ఇంకో క్లిప్పేమైనా..."

"రెండు మార్కులు పోతాయి నాయనా."

బెరిల్ నవ్వుకి నోట్లోని చిప్స్ ముందు అద్దం మీద పడ్డాయి.

రెజ్‌వి మూడూ ఇనీడ్ ముట్టుకోలేదు. చిప్స్ పొట్లం మూతికి పెట్టడానికి తెచ్చిన క్లిప్పు తీసిచ్చింది. క్లైవ్ వెళ్లి ఇంజను మీదికి వంగాడు. లేచిన బానెట్ మనిషిని కప్పేసింది. రెండు కాళ్లే కనిపించాయి.

ఇనీడ్ కాసేపు వాటినే చూసింది. తర్వాత కిటికీలోంచి తల బయటికి పెట్టింది.

"సోమవారం బట్టలుతుకుతాను. ఈలోగా క్లిప్పు తెచ్చివ్వు" అంది, ఆ కాళ్లతో.