పావుగంట అడిగిన లైన్‌మన్

మా పక్కింటి లైన్‌మన్ పోయాడు. పాలు పోసే ఆమె గిన్నెలోకి వంచుతూ చెప్పింది: "సారూ, లైన్‌మన్ పోయిండంట. పొద్దుగాల చాయ్ తాగి గోడకు ఆనుకున్నడంట. గంతే." అదే గోడకు అటు ఆయన, ఇటు నేను ఇన్నేళ్లు బతికాం. ముందు రోజు సాయంత్రం ఆయన దగ్గు వినబడింది. రోజూ దగ్గేదే కదా అనుకుని పేపరు చదువుకున్నాను.

మూడో రోజు పంచాయతీ ఆఫీసులో సంతాప సభ పెట్టారు. టెలిఫోను శాఖలో ఆయన పై అధికారిగా చేసి రిటైరైన ఇంజనీరు ఒకాయన వచ్చి, "అంకితభావం" అనే మాట ఐదారు సార్లు అన్నాడు. సర్వీసులో ఉన్నన్నాళ్లూ ఈ అంకితభావాన్ని గడప బయట నిలబెట్టే మాట్లాడేవాడు; కుర్చీ చూపించగా నేను చూడలేదు. అన్నిటికంటే పెద్ద దండ తెచ్చింది మణుగూరులో సెల్‌ఫోన్ల కొట్టు నడిపే అతను. బతికుండగా ఆయన్ని పదిమందిలో నవ్వులపాలు చేసినవాడు అతనే. నన్నూ మాట్లాడమన్నారు. జీవితమంతా బడిలో సాంఘిక శాస్త్రం చెప్పినవాణ్ణి, మాటలకు తడుముకోను. బాగానే మాట్లాడాను. చెప్పవలసిన ఒక్క మాట తప్ప అన్నీ చెప్పాను. ఆ మాట కోసమే ఇది రాస్తున్నాను.

మా పినపాక చుట్టుపక్కల అడవిలో టెలిఫోను తీగ ఉన్నంత దూరం ఆయన కాలినడకనే తిరిగాడు. నడుముకు పటకారు, భుజాన పరీక్ష చేసే ఫోను, చెవి వెనక సగం కాలిన బీడీ. లైను చచ్చిపోతే మిగతావాళ్లు మొదటి స్తంభం నుంచి వెతుక్కుంటూ పోయేవాళ్లు. ఆయన తిన్నగా నడిమి స్తంభం దగ్గరికి పోయి ఎక్కేవాడు. ఎందుకని ఒకసారి అడిగాను.

"లైనుకు రెండు కొసలుంటయి సారూ. తప్పు ఎటున్నదో తెల్వనప్పుడు నడుమకు పోవాలె. నడుమ నిలబడి ఇటు అడగాలె, అటు అడగాలె. ఏ దిక్కు పలకదో ఆ దిక్కు నడవాలె. మళ్ల దాంట్ల సగం."

"మొదటి నుంచి చూసుకుంటూ పోతే దొరకదా?"

"దొరుకుతది. మీ బూట్లు అరిగినంక."

రిటైరయ్యాక పాల్వంచలో థర్మల్ కాలనీలో ఉండే షిఫ్టు కార్మికుడి దగ్గర ఒక పెద్ద ఫోను పాతది కొన్నాడు. ఇంటర్నెట్టు వచ్చేది. మాట్లాడే ముందు అందులోకి రెండుసార్లు ఊది, "టెస్టింగ్" అన్నాకే "హలో" అనేవాడు. పిల్లలు నవ్వేవాళ్లు. నేనూ నవ్వేవాణ్ణి. వానాకాలంలో భద్రాచలం దగ్గర గోదావరి ఎంత ఉందో అందులో చూసి వీధిలో వాళ్లకు చెప్పేవాడు.

ఆ ఫోనులో ఒక జబ్బు ఉండేది. ఏ వెబ్‌సైటు పేరు కొట్టినా చాలాసేపు ఉలుకూ పలుకూ ఉండదు. ఉన్నట్టుండి పేజీ వచ్చేస్తుంది. కొన్నిసార్లు విసుగెత్తి అదే మానుకుంటుంది. మా మండలంలో ఫోనుకు ఏ రోగం వచ్చినా పేరు ఒకటే: సిగ్నల్ లేదు. మందు కూడా ఒకటే: గుట్ట ఎక్కడం. ఆయన మాత్రం ఒప్పుకునేవాడు కాదు.

"సిగ్నల్ తక్కువైతే నల్లా సన్నగ రావాలె సారూ. ఇది గట్ల లేదు. మొదటి బొట్టు రాదు. వచ్చిందంటే దబదబ వస్తది. మరి కాల్ మంచిగనే పోతంది గద. టవర్ బాగుంది. తప్పు ఇంకేడనో ఉన్నది."

ఒకరోజు ఇద్దరం మణుగూరు పోయి, ఇందాక చెప్పిన ఆ పెద్ద దండ అతని కొట్టులో చూపించాం. ఆయన ఒక పేరు కొట్టాడు. పేజీ రాలేదు, రాలేదు, చివరికి వచ్చింది. కొట్టతను ఫోను లాక్కుని అదే పేరు కొట్టాడు. టక్కున వచ్చింది.

"చూసినవా తాతా? నా చెయ్యి తాకితే వచ్చింది. ఇది తీగల ఫోను కాదే, ఎక్కి గుంజనీకి."

కొట్టులో ఉన్నవాళ్లందరూ నవ్వారు. నేనెక్కడ నిలబడ్డానో దాచను. వాళ్లతో కలిసి నవ్వాను.

తిరుగు బస్సులో ఆయన కోపంగా లేడు. కిటికీ పక్కన కూర్చుని నిదానంగా చెప్పాడు. "ఆ పేరు అప్పుడే నేనడిగిన గద సారూ. వెబ్‌సైటు పేరు ఎనక ఒక నంబరుంటది. ఒకసారి అడిగిన పేరుకు ఆ నంబరు ఫోను కాసేపు యాదుంచుకుంటది. అందుకే ఆయనకు జల్ది వచ్చింది. కొత్త పేరు కొట్టుంటే తెలిసేది ఆయన చెయ్యి మహిమ." అని అప్పటికప్పుడు కొత్త పేరు కొట్టి, ఒకటి, రెండు అని పైకి లెక్కపెట్టాడు. ఇరవై ఎనిమిది దాకా వచ్చాక పేజీ తెరుచుకుంది.

"పాత ఎక్స్చేంజి లెక్కనే సారూ ఇది," అన్నాడు. "మనం పేరు చెప్తం. ఆపరేటరమ్మ బుక్కుల చూసి నంబరు కలుపుతది. ఫోనుకు గట్లాంటి ఆపరేటర్లు ఇద్దరుంటరనుకో. మొదటామె కుర్చీల లేదు. ఫోను ఆమెనే పిలుస్తది, పిలుస్తది, పిలుస్తది. పలకకుంటే అప్పుడు రెండో ఆమెను అడుగుతది. రెండో ఆమె మంచిగనే చెప్తంది. జాగయ్యేది ఆ ఖాళీ కుర్చీ కాడ."

నాకు అర్థమైంది. అర్థమైనా నమ్మలేదు. ఈ రెండూ వేరని పుస్తకాలు చదివేవాళ్లకు బాగా తెలుసు.

తర్వాతి వారం ఆయన ఒక్కడే మళ్లీ మణుగూరు పోయి, నెట్ సెంటర్ నడిపే అతని పక్కన కూర్చుని, ఒక వెబ్‌సైటు అసలు నంబరు ఏమిటో కంప్యూటర్లో చూపించుకుని కాగితం మీద రాసుకున్నాడు. పేరు బదులు ఆ నంబరే ఫోనులో కొట్టాడు. రెప్పపాటులో పేజీ వచ్చింది. పేరు కొడితే మళ్లీ అదే మౌనం. ఆయనకు నడిమి స్తంభం దొరికింది: దారి బాగుంది, దారి చెప్పేవాళ్ల దగ్గరే తప్పు. ఫోను సెట్టింగుల లోపలి అరల్లో డీఎన్ఎస్ అని ఒకచోట ఉంటుంది, అక్కడ వేరే ఆపరేటర్ల నంబర్లు ఇస్తే సరిపోతుందని కూడా నెట్ సెంటర్ అతనే చెప్పి, రెండు నంబర్లు రాసిచ్చాడు. ఇంటికొచ్చాక ఆయనకు జ్వరం తగిలింది. ఆ కాగితం రెండు రోజులు జేబులోనే ఉండిపోయింది.

మూడో రోజు బంద్. రోడ్డుకు అడ్డంగా చెట్లు కొట్టి పడేశారు, బస్సుల్లేవు, మణుగూరులో దుకాణాలన్నీ మూసేశారు. మధ్యాహ్నం రెండింటికి అడవి గూడెం నుంచి తల్లీకూతుళ్లు నడుచుకుంటూ లైన్‌మన్ ఇంటికి వచ్చారు. ఆ అమ్మాయి తాత ఒకప్పుడు ఆయన వెంట స్తంభాలు మోసిన కోయ మనిషి. అమ్మాయికి వరంగల్లులో నర్సింగ్ సీటు వచ్చింది. సీటు తనకు కావాలని సాయంత్రం ఐదు గంటల్లోపు వెబ్‌సైటులో నొక్కాలి. నొక్కకపోతే వరుసలో తర్వాతి వాళ్లకు పోతుంది. వాళ్ల గూడెంలో ఇంటర్ దాటిన మొదటి పిల్ల ఆమె.

ఆయన నన్ను గోడ మీదుగా పిలిచాడు. ఇంగ్లీషు చదవడానికి తోడు కోసం పిలిచాడు. నేను పెత్తనం చెయ్యడానికి వెళ్లాను.

వెబ్‌సైటు పేరు కొట్టాం. రాలేదు. మళ్లీ కొట్టాం. సగం వచ్చి ఆగింది. సహాయానికని ఇచ్చిన నంబరుకు కాల్ చేస్తే ఎంతసేపూ ఎంగేజే.

"సారూ, నాకు ఒక్క పావుగంట ఇయ్యిండ్రి," అన్నాడు ఆయన, జేబులోంచి కాగితం తీస్తూ. "ఆ రెండు నంబర్లు ఎక్కిచ్చి చూస్త."

"ఉన్నదాన్ని కెలికితే అసలే పోతుంది," అన్నాను. "సిగ్నల్ లేదు. గుట్ట ఎక్కుదాం."

"సిగ్నల్ ఉన్నది గద సారూ. ఇప్పుడే కాల్ పోయింది."

అప్పుడు నేనన్న మాట ఇది. ఒక్క అక్షరం మార్చకుండా రాస్తున్నాను. "స్తంభాలెక్కే పని కాదిది. చదువుకున్నవాళ్లు చెప్తే వినాలి."

ఆయన అమ్మాయి వైపు చూశాడు. అమ్మాయి నా వైపు చూసింది. వాళ్లమ్మ చేతులు జోడించి, "మాకేం తెలుస్తది సారూ. మీరెట్లంటె గట్ల," అంది. ఆయన కాగితం మడిచి మళ్లీ జేబులో పెట్టుకున్నాడు.

గుట్ట ఎక్కడానికి గంటకు పైగా పట్టింది. జ్వరం తగ్గని మనిషి, పైగా ఉబ్బసం. పది అడుగులకోసారి రాయి మీద కూర్చున్నాడు. పైకి చేరాక ఫోను నా చేతిలోకి తీసుకున్నాను. సిగ్నల్ గీతలన్నీ నిండుగా ఉన్నాయి. కొట్టిన ప్రతిసారీ సగం వచ్చి ఆగడమో, అదే మానుకోవడమో. పేజీ రాలేదు. తూర్పుకు తిరిగాను, పడమరకు తిరిగాను, బండ మీద నిలబడి చెయ్యెత్తాను. నిండుగా ఉన్న గీతల్ని కళ్లతో చూస్తూ కూడా "సిగ్నల్ ఆడుతోంది" అన్నాను. ఒక అబద్ధాన్ని అంత సేపు పైకెత్తి పట్టుకోవడం నా జీవితంలో మళ్లీ జరగలేదు.

పావు తక్కువ ఐదుకు అమ్మాయే అడిగింది. "సార్, లైన్‌మన్ తాతకు ఇయ్యరాదు ఒక్కసారి?"

ఇచ్చాను. ఆయన కింద కూర్చున్నాడు. ముందు ఆ చోట పాత నంబర్లేమున్నాయో కాగితం వెనక రాసుకున్నాడు, అన్నీ సున్నాలే. అయినా రాసుకున్నాడు. కొత్త నంబర్లు ఒక్కొక్క అంకె పైకి చదువుతూ ఎక్కించాడు. ఫోను ఆపి మళ్లీ వెలిగించాడు. ఒక్క అంకె కూడా తప్పలేదు. పేరు కొట్టాడు. రెండు అంకెలు లెక్కపెట్టేలోపు పేజీ తెరుచుకుంది.

అమ్మాయి తన నంబరు కొట్టింది. పుట్టిన తేదీ కొట్టింది. తర్వాతి పేజీ. దాని తర్వాతి పేజీ. చివరి మీట నొక్కింది. అప్పటికి ఐదు దాటి నాలుగు నిమిషాలు. గడువు ముగిసిందని ఇంగ్లీషులో ఎర్రటి వాక్యం ఒకటి వచ్చింది. ఆ రోజు మొత్తంలో అన్నిటికంటే వేగంగా వచ్చిన పేజీ అదే.

దాన్ని చదివి తెలుగులో చెప్పవలసింది నేను. అమ్మాయే చదువుకుంది.

గుట్ట దిగుతుంటే వాళ్లమ్మ అడిగింది. "ఎందుకు గిట్లయింది? మేం రెండింటికే వస్తిమి గద."

నాకంటే ముందు ఆయనే చెప్పేశాడు. "నా తప్పే బిడ్డా. ఫోను సంగతి నాకు జల్ది తెల్వలే. సారు పాపం మస్తు కష్టపడ్డడు."

ఆమె ఆ దారిలోనే నిలబడి ఆయన్ని తిట్టింది. తెలుగులో సగం, కోయ భాషలో సగం. నా పిల్ల బతుకు బండ కింద పెట్టినవు, తెల్వకుంటే తెల్వదని ముందే చెప్పొద్దా, ముసలోడా, అని. ఆయన తలవంచుకుని విన్నాడు. నేను ఆయన పక్కనే నిలబడి విన్నాను.

ఇంటి దగ్గర అడిగాను, ఎందుకట్లా చెప్పావని. గొంతులో పిల్లికూతలు తగ్గేదాకా ఆగి జవాబిచ్చాడు. "మీ మీద నమ్మకం పోతె ఈ గూడేలోళ్లు కాగితం పట్టుకొని ఇంకెవరి కాడికి పోతరు సారూ? నా మీద పోతె ఏమైతది. నాకు పనే లేదు."

మరునాడు మణుగూరు పోయి, నెట్ సెంటర్లో కాలేజీ నంబరు కనుక్కుని వరంగల్లుకు ఫోన్ చేశాం. సీటు పోయిందన్నారు. ఆ తర్వాత ఆయన ఆ ఊసు ఎత్తలేదు. ఊరు ఎత్తింది. "లైన్‌మన్ సీటు పోగొట్టిండు" అనేది మా వీధిలో సామెత అయ్యింది. ఎవరికి ఏ పని ఆలస్యమైనా వాడుకునేవాళ్లు. చాయ్ దుకాణంలో నా ఎదుటే అనేవాళ్లు. గోదావరి ఎంతుందో ఆయన్ని అడగడం మానేశారు. నేను ఒక్కరోజు నోరు విప్పితే ఆ సామెత చచ్చేది. ఇంజనీరును, కొట్టతన్ని ఇందాక దులిపాను కదా, వాళ్లు చేసింది మహా అయితే అవమానం. నేను తిన్నది ఆయన మంచిపేరు.

అమ్మాయి ఇప్పుడు కూలికి పోతోంది. నిరుడు మిర్చి ఏరింది, ఈ వానాకాలం పత్తి చేలో కలుపు తీస్తోంది. మళ్లీ దరఖాస్తు పెట్టమని నేను కబురు పంపితే వాళ్లమ్మ, "ఒకసారి నమ్మినం గద, సాలు," అని తిరుగు కబురు పంపింది. అమ్మా, నీకు చదవడం రాదు. నీ బిడ్డకు వచ్చు. ఆమె చేత ఇది చదివించుకో. రెండింటికే వచ్చారు మీరు. మూడు కాకముందే మీ పని అయిపోయేది. ఆపింది నేను.

లైన్‌మన్ వాళ్లలో శవాన్ని పూడుస్తారు. ఆయన్ని పూడ్చింది ముసురు పట్టిన రోజు, తవ్విన మట్టి ముద్దలు ముద్దలుగా ఉంది. ఒక్కొక్కరూ వంగి పిడికెడు మట్టి తీసి వేస్తున్నారు. ఆ తల్లి వచ్చింది. వస్తుందని ఎవరూ అనుకోలేదు. తనూ వంగి మట్టి తీసుకుని గుంట అంచు దాకా వచ్చి, ఆగిపోయింది. నేను ఆమెకు రెండడుగుల దూరంలో ఉన్నాను. వెయ్యమ్మా, తప్పు ఆయనది కాదు అని చెప్పడానికి అంతకంటే దగ్గరగా ఎవరూ లేరు. చెప్పలేదు. ఆమె పిడికిలి విప్పకుండానే వెనక్కి తిరిగి వెళ్లిపోయింది.

అందరూ పోయాక నేను ఆ దారినే వచ్చాను. దారి పక్కన గడ్డిలో ఆమె పడేసిన మట్టి ముద్ద కనిపించింది. దాని మీద నాలుగు వేళ్ల అచ్చు, గట్టిగా నొక్కినట్టు, లోతుగా ఉంది.