ఖాదర్‌బీ షెడ్డులో అంబాసిడరు

మొగుడు ఎక్కడని ఎవరైనా అడిగితే ఖాదర్‌బీ దగ్గర ఒకటే జవాబు. "షెడ్డులో ఉండాడు. కారుకి సేవ చేస్తా ఉండాడు." ఆ 'సేవ' అనే మాటను వక్కపలుకు ఊసినట్టు ఊసేది. ఉదయగిరి కొండ కింద ఆ వీధిలో ఆమె నోటికి జంకనివాళ్లు లేరు, ఒక్క మొగుడు జబీవుల్లా తప్ప. జంకాలంటే ముందు వినాలి కదా! అతను ఎవరి మాటైనా విన్నాడా అని?

ఆ కారు జబీవుల్లా నాయన టాక్సీగా తిప్పిన తెల్ల అంబాసిడరు. ముసలాయన ఉన్నంతకాలం నెల్లూరు ఆసుపత్రికి పోవాలన్నా, ఏఎస్‌పేట దర్గాకు పోవాలన్నా వీధికంతా అదే దిక్కు. ఆయన పోయాక పెరట్లో కోళ్లగూడు అయింది. కొడుకు లారీ డ్రైవరుగా తిరిగినన్నాళ్లూ దాని ముఖం చూసిన పాపాన పోలేదు. లారీ మానేసి ఇంట్లో కూర్చున్నాక మాత్రం ఉన్నట్టుండి నాయన మీద ప్రేమ పొంగుకొచ్చింది. "నాయన బండి. మళ్లీ రోడ్డెక్కిస్తా చూడు," అని టీ అంగట్లో కనపడినవాడికల్లా చెప్పుకున్నాడు. బతికున్న నాయనకు అదే అంగటి నుంచి ఒక్కనాడు టీ తెచ్చి ఇచ్చిన మనిషి కాడు.

"నాలుగు రోజులు నీ షెడ్డులో పెట్టుకుంటానే," అన్నాడు మొదట. అయ్యో పాపం అని ఒప్పుకుంది. అదే ఆమె చేసిన తప్పు.

ఆ రేకుల షెడ్డు అత్త ఆమె చేతిలో పెట్టిపోయిన ఆస్తి. అనంతసాగరం నుంచి కోడలిగా వచ్చిన కొత్తలో ఖాదర్‌బీకి బర్రెలు తెలుసు గానీ ఉలి తెలీదు. "ఇవి పాలు పిండే చేతులే, కర్ర చెక్కే చేతులు గాదు," అని అత్త నలుగురి ముందూ నవ్వింది. ఆ మాటకు ఒళ్లు మండి పంతం పట్టి నేర్చుకుంది. కొండ మీద దొరికే నర్ది కర్రలో చెంచా, గరిటె, ఫోర్కు, దువ్వెన, ఏది చెక్కినా ఆమె పని వేలితో తడిమి గుర్తుపట్టేవాళ్లున్నారు. పోయే ముందు అత్తే షెడ్డు తాళంచెవి ఇచ్చి, "నీ చేతికి తగిన చోటు ఇదే," అంది. అత్త నోటి నుంచి అంతకంటే పెద్ద మెప్పు ఎవరూ విని ఎరగరు.

అలాంటి షెడ్డులోకి కారు వచ్చింది. తుప్పు గీకడానికి గ్రైండరు వచ్చింది. గ్రైండరు పెట్టడానికి బల్ల, బల్లకు బిగించడానికి వైసు. చిల్లులు పడిన రేకు అతకడానికి వెల్డింగు మిషను, అది తాగే కరెంటుకు లావు వైరు. కారుకు ఒక బోల్టు బిగించాలంటే ముందు ఒక మిషను కొనాలి, అదీ జబీవుల్లా పద్ధతి. కారు మాత్రం ఉన్నచోటే ఉంది. పిచ్చి కుదిరింది, రోకలి తలకు చుట్టమన్నాడట వెనకటికెవడో.

ఆఖరికి ఆత్మకూరులో పెంచలనరసింహం లేతు షాపు మూసేస్తున్నాడని విని, ఇనుమును గిర్రున తిప్పి చెక్కే ఆ పాత లేతు మిషనును మినీ లారీలో వేయించుకొచ్చాడు. కిటికీ కింద సిమెంటు దిమ్మె కట్టి బిగించాడు.

"అది నేను కూర్చునే చోటయ్యా," అంది ఖాదర్‌బీ.

"వెలుతురు కావాల గదా. ఇది మెషినరీ. వెలుతురు లేకపోతే కొలత తప్పుద్ది."

"మరి నేను చీకట్లో చెక్కాల్నా?"

"నీదేముందిలే, చేతి పని. యాడైనా చేసుకోవచ్చు."

ఆ మాటను ఆమె కొంగున ముడేసుకుంది. కర్రను వసారాలోకి మార్చుకుంది. ఆమెతో కలిసి చెక్కే పక్కింటి సాయిరా వసారా మెట్టు మీద సర్దుకుంది.

ఇంతా చేసి ఆ లేతు మీద అతను చేసిన మొదటి వస్తువు గేరు రాడ్డు మీది గుండు. మొదటిది కోడిగుడ్డులా వచ్చింది. రెండోదానికి బెజ్జం పక్కకు పోయింది. మూడోది ఎక్కింది గానీ బుర్రలో గుజ్జు లేనివాడిలా అటూ ఇటూ ఊగింది. కొండను తవ్వి ఎలుకను పట్టడమంటారే, ఇతనికి ఎలుక కూడా దొరకలేదు. పొయ్యి మీద అన్నం ఉడికేలోపు ఖాదర్‌బీ నర్ది ముక్కలో గుండు చెక్కి, బిగుతుగా తిప్పి ఎక్కించి వచ్చింది.

జబీవుల్లా దాన్ని పట్టుకుని చూశాడు. "పర్లేదు. మంచిది చేసుకున్నిందాకా టెంపరరీగా వాడుకుంటా."

టెంపరరీ! ఆ మాటా కొంగులోకే పోయింది.

ఆ రోజుల్లోనే నెల్లూరులో ఎగ్జిబిషను పెట్టే ఆనందమ్మ పెద్ద ఆర్డరు ఇచ్చింది. "చెప్పిన రోజుకి, ఒక్క మచ్చ లేకుండా ఇచ్చినావంటే ఏడాది పొడుగునా నీకే ఇస్తా ఖాదర్‌బీ. లేదంటే మిషను సరుకు తెప్పించుకుంటా, ఏమనుకోవద్దు," అని ఖండితంగా చెప్పింది. ఏడాది పొడుగునా పని అంటే రెండిళ్ల పొయ్యిలు.

కానీ వసారాలో వడగాలికి పచ్చి కర్ర పగులుతోంది. షెడ్డు నీడలో అయితే ఆ బాధ లేదు. అందుకని రూపు తీసిన చెంచాలను ప్లాస్టిక్ తొట్టిలో నీళ్లలో వేసి, షెడ్డు మూల పెట్టి గోనెపట్టా కప్పేది. తడి కర్రకు ఇనుము తగిలితే నల్లబడుతుంది, ఇక ఆ నలుపు పోదు. ఉదయగిరిలో ఉలి పట్టే ఇళ్లలో పాలపళ్ల పిల్లలకైనా తెలిసిన సంగతి ఇది.

ఒకనాడు పొద్దున్నే గోనెపట్టా తీస్తే నీళ్లు సిరాలా ఉన్నాయి. చెంచాలన్నీ బొగ్గు రంగు. అడుగున చెయ్యిపెట్టి వెతికితే వెల్డింగు చేసిన రెండు ఇనప బద్దలు తగిలాయి.

"కాలతా ఉండినాయి, సల్లారేదానికి ఏసినా. మరిసిపోయినా," అన్నాడు జబీవుల్లా.

"నువ్వు ఉదయగిరిలోనే పుట్టినావా అసలు?"

"గరుకు కాగితం ఏసి రుద్దితే పోద్దిలే. దీనికింత రాద్ధాంతమేంది?"

సాయిరా ఏడ్చేసింది. ఖాదర్‌బీ ఒక చెంచా తీసి కత్తితో గీరింది. లోపలా నలుపే. ఇంకా గీరింది. చెంచా గోరంత పలచనై విరిగింది గానీ నలుపు పోలేదు. మొగుడి మీద ఆమెకు ఇన్నేళ్లూ కోపం వచ్చేది. ఆ క్షణాన కోపం రాలేదు, అసహ్యం పుట్టింది. కర్ర చెక్కే ఇంట్లో, కర్ర చెక్కే తల్లి చేతి కూడు తిని పెరిగినవాడు, రెండు ఇనప ముక్కల కోసం ఆ సంగతే మరిచాడు!

"కారు ఎప్పుడు బయటికి పోద్ది?" అని మాత్రం అడిగింది.

"రేపో మాపో. సెల్ఫు ఒక్కటే బాకీ."

"అయితే కానియ్యి. బిరీన కానియ్యి."

ఆ రోజు నుంచి ఆమె బానెట్ పక్కన నిలబడి టార్చి పట్టింది, అడిగిన స్పానరు అందించింది. జబీవుల్లా ఉబ్బిపోయాడు. "మా ఇంటామె కూడా దారికొచ్చింది," అని టీ అంగట్లో చెప్పుకున్నాడు.

శుక్రవారం నమాజు అయ్యాక కారు పలికింది. వీధంతా పొగ, కోళ్లన్నీ గోడెక్కాయి. జబీవుల్లా తెల్ల జుబ్బా వేసుకుని స్టీరింగు ముందు నవాబులా కూర్చున్నాడు. "రా ఖాదర్‌బీ, ముందు సీట్లో కూర్చో."

"నాకు పనుండాది. నువ్వు ఏఎస్‌పేట దాకా పోయి దువా చేసుకోని రా. నాయన బండి గదా."

కారు మలుపు తిరగగానే ఇద్దరాడవాళ్లూ కొంగులు బిగించారు. పాత స్పీకరు అయస్కాంతానికి తాడు కట్టి, నేలంతా లాగి ఇనప రజను ఏరేశారు. గోడల దాకా కడిగారు. లేతు మిషనుకు ప్లాస్టిక్ పట్టా చుట్టి, పైన దుప్పటి కప్పి, దాని మీద చేటల్లో, ఈ రోజుల్లో రాత్రిళ్లు కూర్చుని చెక్కిన కొత్త చెంచాలు ఆరబెట్టారు. తలుపుకు లోపల కొత్త గడియ, బయట కొత్త తాళం.

పొద్దుగుంకే వేళకు హారను మోగింది. "తలుపు తియ్యి! సైలెన్సరు ఊడేటట్టుండాది, వెల్డింగు పెట్టాల!"

కిటికీ కింద, దిమ్మె పక్కన మిగిలిన తన పాత చోట సర్దుకుని కూర్చుని ఖాదర్‌బీ తల ఎత్తకుండా చెక్కుతోంది. "రోడ్డు మీద తిప్పేదానికి గదా బాగుచేసినావు. రోడ్డు మీదే ఉండనీ."

"ఏంది ఎకసెక్కాలు? నా మిషన్లు లోపలుండాయి!"

"యాడికీ పోవు. దిమ్మె కట్టి మరీ బిగించినావుగా. ఆనందమ్మకు సరుకు చేరినాక మాట్లాడదాం."

వీధిలో జనం పోగయ్యారు. ఖాదర్‌బీ లేచి వచ్చి, షెడ్డుకు తాళం వేసి, తిన్నగా కారు తలుపు తీసి ముందు సీట్లో కూర్చుంది. జబీవుల్లా ముఖం విప్పారింది. ఎక్కింది గదా అనుకున్నాడు. ఆమె గేరు గుండును మరలు తిప్పి తీసి కొంగులో వేసుకుని దిగింది.

"అది తీస్తే గేరెట్ట మార్చేది? రాడ్డు అరచేతిలో గుచ్చుకుంటాది!"

"టెంపరరీ గదా. లేతు మీద మంచిది చేసుకో."

"లేతు లోపలుండాది గదే!"

ఖాదర్‌బీ తాళంచెవిని నడుముకు దోపుకుంది.

"నీదేముందిలే, మెషినరీ పని. యాడైనా చేసుకోవచ్చు."