దురభిప్రాయం కోసం వెతుకులాట

ఆ రోజుల్లో, అంటే డెబ్బైల నడుమ, విజయవాడ ఎండల్లో మధ్యాహ్నం పన్నెండు నుంచి నాలుగు దాకా మనుషులు చేయగలిగింది పెద్దగా ఏమీ ఉండేది కాదు. నిద్ర పట్టినవాళ్లు పడుకునేవారు, పట్టనివాళ్లు దెబ్బలాడుకునేవారు. మా అన్నయ్యా నేనూ రెండో రకం. ఒంటిపూట బడులు పెట్టగానే గవర్నర్‌పేట సందులోని మా అద్దె వాటాలో మా పోట్లాటలూ మొదలయ్యేవి. అన్నయ్య పోయి మూడు నెలలైంది. తన గురించి ఏదైనా రాయమని బంధువులు అడుగుతున్నారు. చేసిన మంచిపనుల జాబితా రాయడం నాకు చేతకాదు. ఒక వేసవిలో మేం ఆడిన ఆట సంగతి మాత్రం రాయగలను.

ఆట చాలా తేలిక. పాత శుభలేఖల అట్టలు ముక్కలుగా కత్తిరించి, మాటల ముందు తగిలించే అప, ఉప, దుర్, అతి, ప్రతి లాంటివి ఒక్కో ముక్క మీద ఒక్కొక్కటి రాశాం. ముక్క తీసినవాళ్లు దాన్ని ఏదో ఒక మాటకు తగిలించి చెప్పాలి. మాట చెల్లితే ఒక చింతగింజ వస్తుంది, చెల్లకపోతే ఉన్నవాటిలోంచి ఒకటి పోతుంది. ఆ ఏడు పందెం కిరసనాయిలు. సెలవులిచ్చే నాటికి ఎవరి గింజలు తక్కువైతే వాళ్లు సెలవులన్నాళ్లూ తెల్లవారి ఆరింటికే డబ్బా పట్టుకుని డిపో ముందు నిలబడాలి. (తొమ్మిదింటికి తలుపు తీసి ‘స్టాకు లేదు’ అన్న పలక తగిలించేవారు. మర్నాడు మళ్లీ ఆరింటికి.) నాకు ఆ క్యూ అంటే ప్రాణం మీదికొచ్చినట్టుండేది.

చిక్కంతా ఏ మాట చెల్లుతుందన్న దగ్గరే. అన్నయ్యకు సిగ్గులేదు. పెద్దక్క మొగుడు బావ కాబట్టి ఆయన తమ్ముడు ‘ఉపబావ’ అన్నాడు. అమ్మ పెట్టిన పులుసును ‘దుష్పులుసు’ అన్నాడు. “అట్లాంటి మాట లేదు” అని నేను గోల పెడితే, “నిన్న ఆ పులుసు తిని కూడా లేదంటావేంటే?” అనేవాడు. తగవు తీర్చేది మా మేనత్త. ఆస్పత్రిలో నర్సు. రాత్రి డ్యూటీ చేసొచ్చి పగలు నిద్రపోయే మనిషి కనుక మా గొడవ అందరికంటే ఎక్కువ బాధపెట్టేది ఆవిడనే. నిఘంటువు చూద్దామన్నాను. “అందులో అన్నీ ఉంటాయే. ఉన్నంత మాత్రాన బతికున్నట్టా? నాడి కొట్టుకోవాలి” అంది అత్తయ్య. ఆ నాడి చూసే పద్ధతీ ఆవిడే పెట్టింది. తగాదా వచ్చిన మాటను బయటి మనిషెవరైనా తమంతట తాము అనాలి. మనం అందించకూడదు. ఆ అనడం అవతలి ఆటగాడు చెవులారా వినాలి.

ఆఖరి వారానికి ఇద్దరి గింజలూ సమానంగా ఉన్నాయి. చివరి ముక్క నాది, ‘దుర్’ వచ్చింది. నేను ‘దురభిప్రాయం’ అన్నాను. “ఎవరంటారమ్మా ఆ మాట?” అన్నాడు అన్నయ్య. అత్తయ్య ఆదివారం సాయంత్రం దాకా గడువిచ్చింది.

ఇక వేట మొదలైంది. నేను ముందు, సాక్షిగా అన్నయ్య నవ్వుకుంటూ వెనక. పోస్టుమాన్‌తో, “మీరు కావాలనే ఉత్తరాలు ఆలస్యం చేస్తారని మా నాన్నగారు అనుకుంటున్నారండీ” అన్నాను. “అనుకోనీ అమ్మా, నాదేం పోయింది” అని సైకిలెక్కాడు. కిరాణా కొట్టాయనతో, పప్పులో రాళ్లు కలుపుతారని వీధంతా చెప్పుకుంటున్నారన్నాను. “రాళ్లు లేని పప్పు కావాలంటే మీ నాన్నని పండించుకోమను” అన్నాడు. మనుషుల గురించి ఇంత చెడుగా చెబుతున్నా ఒక్కరి నోట ఒక్క మంచి మాట రాలేదు.

శనివారం నా ఆశలన్నీ పక్కవాటా ఉయ్యూరు పిన్నిగారి మీద పెట్టుకున్నాను. ఆవిడ వారపత్రికల సీరియల్స్ ఒక్కటీ వదలదు, మాటలో పుస్తకం వాసన ఉండేది. గుమ్మంలో నిలబడి గట్టిగా నిట్టూర్చి, “మావాళ్ల మనసులో ఏముందో మీకు తెలీదులెండి పిన్నిగారూ” అన్నాను.

“ఏముందే?”

“నేను చెప్పకూడదండీ.”

ఆవిడ చేతిలోని చేట కింద పెట్టి లోపలికి వెళ్లిపోయింది. “ఇహ డబ్బా కడుక్కో” అన్నాడు అన్నయ్య.

ఆదివారం చర్చి నుంచి వచ్చి భోజనాలు చేస్తుండగా పిన్నిగారు వచ్చింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి. మా ఇత్తడి గిన్నె, మా గరిటె, అమ్మ ఎప్పుడో ఇచ్చి మరిచిపోయిన జల్లెడ వరసగా వరండాలో పెట్టింది. ఇరుగుపొరుగు సామాను అడక్కుండా తిరిగొచ్చిందంటే దాని అర్థం తెలియని ఆడమనిషి ఉండదు. అమ్మ కంచం ముందు నుంచి లేచి వచ్చింది.

“ఇన్నేళ్లుగా ఒకే పంపు కింద నీళ్లు పట్టుకున్నాం అక్కయ్యా. మా మీద దురభిప్రాయం ఉంటే మొహం మీదే చెప్పొచ్చుగా! పిల్లల చేత చెప్పించడం దేనికి?”

“అనేసింది!” అని నేను ఎగిరాను. “అత్తయ్యా, అనేసింది! అన్నయ్య విన్నాడు! ఇంకా సాయంత్రం కాలేదు!”

అన్నయ్య ఎంగిలి చెయ్యెత్తి, “ఏడిపించి అనిపిస్తే తమంతట తాము అన్నట్టెలా అవుతుంది అత్తయ్యా?” అన్నాడు. (తరవాత తను లాయరు అయ్యాడంటే మాకెవరికీ ఆశ్చర్యం కలగలేదు.)

“ఏవన్నాను నేను?” అని పిన్నిగారు బిత్తరపోయింది. అత్తయ్య ఆవిణ్ణి కూర్చోబెట్టి చింతగింజల దగ్గర్నుంచీ అంతా చెప్పింది. పిన్నిగారు విన్నంతసేపు విని, అత్తయ్యతో, “అంటే రాత్రి నేను అన్నం మానేసి ఏడ్చింది ఇందుకా వదినా?” అంది. మా అమ్మ నా వైపు చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది. కాసేపటికి పిన్నిగారే, “ఆ జల్లెడ ఇలా ఇవ్వండి, రేపు పిండి జల్లించుకోవాలి” అంది. అప్పటికి గాని అమ్మ ఊపిరి పీల్చుకోలేదు.

అత్తయ్య తీర్పు చెప్పింది. మాట చెల్లింది. మా ఇంటి డబ్బాతో అన్నయ్య నిలబడాలి. పిన్నిగారి ఇంటి డబ్బాతో నేను నిలబడాలి.

ఆ వేసవంతా రోజూ మూడు గంటలు ఒకరి వెనక ఒకరం నిలబడ్డాం. క్యూలో పనేముంది, అదే ఆట. గింజలూ లేవు, తీర్పులూ లేవు. డిపో ఆయన్ని అన్నయ్య ‘అప్రత్యక్ష దైవం’ అంటే వెనకున్న డబ్బాలవాళ్లు కూడా నవ్వేవారు. నేను భయపడిన క్యూ అదేనంటే నాకే నమ్మబుద్ధి కాలేదు. స్టాకు వచ్చిన రోజు మాత్రం ఇద్దరికీ కొంచెం దిగులేసేది.

మొన్న జ్ఞాపకార్థ కూడికలో అందరూ పెద్ద పెద్ద మాటలతో అన్నయ్యను పొగిడారు. నా వంతు వచ్చింది. ఒక మాట కోసం వీధి వీధంతా తిరిగిన దాన్ని, లేచి నిలబడి “మా అన్నయ్య మంచివాడు” అని కూర్చున్నాను. ముందు ఏమీ తగిలించలేదు. తనుంటే, “ఇంతేనా? దీనికి ఒక్క గింజ కూడా రాదే” అనేవాడు.