నా తల మీద ఉమ్మిన అవ్వ

సహోదరులారా, అక్కలారా, మెదక్‌లో ఈ చర్చి గుడి నీడనే పెరిగినవాణ్ణి, అయినా సిగ్గు విడిచి చెబుతున్నాను, పన్నెండేళ్లు నేను తాగుడుకు బానిసను! మిలిటరీలో నర్సింగ్ ఉద్యోగం, సూది పట్టే చెయ్యి, పొద్దున్నే చుక్క పడకపోతే ఆ చెయ్యి నిలిచేది కాదు. "గా చేతులతోని ఎవరినన్న సంపుతరు మీరు" అని నా భార్య సునీత ఏడిస్తే ఆమె మీదే అరిచేవాణ్ణి. ప్రార్థన చేద్దామంటే పాస్టరుగారిలా పుస్తకం తెలుగు నాకు రాదు, మోకరించి రెండు మాటలకే లేచిపోయేవాణ్ణి.

అలాంటి నన్ను శాంతి దళంతో సౌత్ సూడాన్ పంపారు. మా క్యాంపు దవాఖానాకు వచ్చేది ఎక్కువగా నూయెర్ తెగ జనమే. వాళ్ల భాషను 'థోక్ నాథ్' అంటారు, మనుషుల మాట అని అర్థమట. మన మెదక్ మాటకూ గుంటూరు మాటకూ తేడా ఉన్నట్టే అక్కడ తూర్పున ఒక యాస, పడమర ఒక యాస. మా దుబాసీ గాట్లువాక్‌ది తూర్పు యాస.

ఒకనాడు పడమటి వైపు అవ్వ ఒకామె జ్వరంతో కాలిపోతున్న మనవరాలిని తెచ్చింది. సెలైన్ పెట్టబోతే నా చేతులు వణికాయి, రెండుసార్లు గుచ్చినా నరం దొరకలేదు, పాప ఒకటే ఏడుపు, చివరికి ఇంకో నర్సు వచ్చి ఎక్కించాడు. దేవుని దయవల్ల పాప కోలుకుంది. ఇంటికి పోయే రోజున అవ్వ నా రెండు చేతులూ పట్టుకుని, ఏదో గొణిగి, నా తల మీద తుపుక్కున ఉమ్మింది! ఒళ్లు మండిపోయింది, చెయ్యెత్తాను సహోదరులారా, తల్లిలాంటి మనిషి మీద చెయ్యెత్తాను!

గాట్లువాక్ పరుగున వచ్చి ఆపాడు. వాళ్ల పెద్దలు అలాగే దీవిస్తారట! ఆమె యాసలో కొన్ని మాటలు అతనికీ తెలియక, ఆమెనే మళ్లీ అడిగి చెప్పాడు. ఆమె గొణిగిన మాటల్లో 'క్వోథ్' అంటే దేవుడట. "దేవా, వీని చేతులు వణుకుతున్నాయి, వీడూ ఒక తల్లి కొడుకే, నువ్వు పట్టుకో" అని అడిగిందట. నేను వంచిన తల ఎత్తలేకపోయాను.

ఆ మధ్యాహ్నమే మందుల గది వెనక కూర్చుని, మా ఇంటి మాటతోనే ఏడ్చాను. "ప్రభువా, నేను తాగుబోతోన్ని. నాతోని అయితలేదు. నువ్వన్న జర నా చేతులు పట్టుకో." డాక్టరుగారికి దాచకుండా చెప్పి వైద్యం చేయించుకున్నాను. చెమటలు, వాంతులు, మధ్యలో రెండుసార్లు మళ్లీ తాగాను కూడా, అయినా ప్రభువు నన్ను వదల్లేదు! చుక్క ముట్టక ఐదేళ్లయింది.

ఇంటికొచ్చాక ఏడాది దాకా సునీత నన్ను నమ్మలేదు, గుమ్మంలోనే నా నోటి వాసన చూసేది. మొన్న ఆమెకు షుగర్ ఎక్కువై ఇన్సులిన్ రాశారు. కాంపౌండర్‌ను పిలుస్తానంటే, "ఆయనెందుకు, మీరున్నరు గదా, ఇయ్యుండ్రి" అని చెయ్యి చాపింది. ఆ సూది ఇచ్చి, బయటికొచ్చి గట్టిగా ఏడ్చాను.

దేవునికే మహిమ! మాటలు రావని వెనకాడేవాళ్లుంటే మీ ఇంటి మాటతోనే ఆయన్ను పిలవండి. నా వంటివాని మొరే విన్నాడు, మీ మొర వినడా?