నొప్పి తెలియని మనిషికి చేసిన మడత బల్ల

2022 చివర్లో, అరకు లోయలో టూరిస్టులు కిక్కిరిసి ఉండే చలికాలంలో జరిగిన సంగతి ఇది. బస్టాండుకు కాస్త ఎడంగా నాకు ఫ్యాబ్రికేషన్ షాపు ఉంది. గేట్లు, కిటికీ గ్రిల్స్, హోటళ్ళకు కుర్చీలు, టెంట్ల వాళ్ళకు మడత బల్లలు చేస్తాను. మాది విజయనగరం దగ్గర పల్లె. ఐటీఐలో ఫిట్టర్ చదివి, విశాఖలో ఒక ఫర్నిచర్ కంపెనీ డిజైన్ సెక్షన్‌లో కొన్నేళ్ళు పనిచేసి, తర్వాత ఇక్కడికి వచ్చి స్థిరపడ్డాను.

మడత బల్ల అంటే చాలామందికి చిన్న పనిలా కనిపిస్తుంది. నాకు మాత్రం గేటు కన్నా అదే కష్టం. గేటు బిగించిన చోటే ఉంటుంది. మడత బల్లను రోజూ ఎవరో ఒకరు విప్పుతారు, మూస్తారు, ఎత్తుకుపోయి ఎక్కడో ఇరికిస్తారు. విప్పినప్పుడు అది కూలకూడదు. మూసేటప్పుడు వేలు నలగకూడదు. మూశాక ఇంట్లో అడ్డం కాకూడదు. ఈ మూడూ కుదిరితే పని కుదిరినట్టే అని కంపెనీలో నేర్పారు. నేనూ అదే నమ్మాను.

ఒకరోజు సుగుణ సిస్టర్ షాపుకు వచ్చారు. ఆవిడ ఒక ధర్మాసుపత్రిలో నర్సు. మంచం పట్టిన రోగుల కోసం ఊళ్ళు తిరుగుతుంటారు.

"ఒక పేషెంటుకు మంచం మీద వాడుకునే బల్ల కావాలండీ" అన్నారు.

"ఆసుపత్రుల్లో చక్రాలవి ఉంటాయి కదా సిస్టర్?"

"వాళ్ళ ఇంట్లో మట్టి నేల. చక్రం కదలదు. మీరే ఒకసారి వచ్చి చూడండి."

మర్నాడు ఆవిడతో అనంతగిరి వైపు వెళ్ళాను. ఆటో పోలేని చోటి నుంచి కాఫీ తోటల్లో నడక. ఇక్కడ కాఫీ మొక్కలకు నీడ కోసం సిల్వర్ ఓక్ చెట్లు పెంచుతారు. ఆ చెట్లకే మిరియాల తీగలు పాకుతాయి. మిరియాలు కోయాలంటే చెట్టుకు ఆనించిన ఒంటి వెదురు మీద గణుపుల దగ్గర అడుగు మోపుతూ పైకెక్కాలి. కిందటి కోతల్లో ఆ వెదురు జారి సుక్రు వెల్లకిలా పడ్డాడు. వెన్నుపూస విరిగింది. నడుము కింద కదలికా లేదు, స్పర్శా లేదు. ముప్పై అయిదేళ్ళు ఉంటాయేమో. భుజాలు మాత్రం ఇంకా చెట్లెక్కే మనిషివే.

ఒకటే గది. ఒక మూల పొయ్యి, ఇంకో మూల కాఫీ బస్తాలు, తలుపుకు ఎదురుగా నులక మంచం. భార్య బుద్రి పొద్దున్నే తోట పనికి పోతుంది. ఒక్కగానొక్క కూతురు ఆశ్రమ పాఠశాల హాస్టల్లో ఉంటుంది. పగలంతా అతను ఒక్కడే.

"ఏటి సేద్దామనుకుంటన్నావు సుక్రూ?" అని అడిగాను.

"కుట్టుమిషను బాబూ. కుర్రతనంలో టైలరింగ్ నేర్సుకున్నాను. కాళ్ళతో తొక్కే మిషనుండీది. దాని తలకాయ ఊడదీయించి సేతి హేండిలు ఎట్టించినాను. ఎట్టుకోడానికే ఏటీ నేదు. ఒళ్ళో ఎట్టుకుంటే సిస్టరమ్మ తిడతాది."

"తిట్టనా మరి? తొడల మీద అంత బరువు పెట్టుకుంటే పుండు పడుతుంది. పడినా నీకు తెలీదు" అన్నారు సిస్టర్.

పని అర్థమైంది. మిషను బరువుకూ, హేండిలు ఊపుకూ బల్ల కదలకూడదు. ఇంట్లో ఎవరూ ఉండరు కాబట్టి కూర్చున్న చోటి నుంచి అతనే విప్పుకోవాలి. సాయంత్రం బుద్రి వంట చేసుకోవాలంటే, చాప పరుచుకోవాలంటే బల్ల తప్పుకోవాలి.

మొదట గోడ బల్ల చేశాను. రైళ్ళలో కిటికీ పక్కన ఉంటుందే, అలా కిందికి దించుకునేది. యాంకర్ బోల్టులతో, అంటే గోడలోకి దిగి విచ్చుకుని పట్టుకునే బోల్టులతో బిగించాను. అది సిమెంటు గోడల సంగతి, ఇది మట్టి గోడ. మిషను పెట్టి నాలుగు తిప్పులు తిప్పేసరికి బోల్టుతో పాటు గోడ మట్టి పెళ్ళగా ఊడి కింద పడింది. బుద్రి ఆ మట్టిని తడిపి మళ్ళీ గోడకు మెత్తింది.

రెండోసారి కత్తెర కాళ్ళది చేశాను. రెండు జతల పైపులు మధ్యలో ఒకదాన్నొకటి దాటుతూ ఉంటాయి. బజారులో దొరికే మడత బల్లలు ఎక్కువగా ఇలాంటివే. గట్టిగానే నిలబడింది. సుక్రు దాన్ని విప్పి, మూసి, మళ్ళీ విప్పి నవ్వాడు.

"బాగుంది బాబూ. బేగి ఒచ్చీసింది సేతికి."

అంతలో బుద్రి గట్టిగా అరిచింది. "అయ్యో, రగతం!"

అతని లుంగీ మోకాలి దగ్గర తడిసి ఎర్రగా ఉంది. బల్ల కాళ్ళు మూసుకునేటప్పుడు రెండు పైపుల మధ్య మోకాలి చర్మం చిక్కుకుని చీరుకుపోయింది. మామూలు మనిషైతే కెవ్వుమనేవాడు. సుక్రు ఇంకా నవ్వుతూనే ఉన్నాడు. మా ముఖాలు చూసి ఆగాడు.

"ఏటయింది?"

"నీకేమీ తెలీలేదా?" అన్నాను.

"నాకేటి తెలుద్ది బాబూ? అయి నా కాళ్ళు కావు. ఎవుడియో తెచ్చి ఇక్కడెట్టినట్టుంటాయి."

సిస్టర్ కట్టు కట్టారు. నేను బల్ల తీసుకుని వచ్చేశాను. దారి పొడుగునా ఒకటే ఆలోచన. ఇన్నాళ్ళూ నేను చేసిన బల్లలన్నిటికీ ఒక రక్షణ ఉంది. వేలు నలిగితే మనిషి చెయ్యి లాక్కుంటాడు. నొప్పే కాపలా కాస్తుంది. సుక్రుకు ఆ కాపలా లేదు. అతనికి నొప్పి చేసే పనంతా బల్లే చెయ్యాలి.

మూడో బల్లకు చాలా రోజులు పట్టింది. కత్తెర కాళ్ళు తీసేశాను. కాళ్ళు ఎక్కడా ఒకదాన్నొకటి రాసుకోకుండా, బల్ల కిందికి విడివిడిగా ముడుచుకునేలా చేశాను. మూసినా పైపుకూ పలకకూ మధ్య రెండు వేళ్ళు పట్టే ఖాళీ వదిలాను. బల్లను నిలిపే లాకింగ్ స్టే, అంటే కాలు మడిచిపోకుండా పట్టే ఇనుప చెయ్యి, అతని ఒడి వైపు కాకుండా పక్కకు పెట్టాను. దాన్ని వదిలించే పిన్ను పై అంచు మీద, అతని చేతికి అందేలా ఉంచాను. మూలలన్నీ గుండ్రంగా అరగదీసి రబ్బరు బీడింగ్ పట్టీ వేశాను. గుడ్డ కత్తిరించే కత్తెర జారి తొడ మీద పడితే అతనికి తెలీదు కాబట్టి ముందు అంచుకు చిన్న గట్టు కట్టాను. నేల ఎగుడుదిగుడుగా ఉన్నా ఊగకుండా కాళ్ళ అడుగున తిప్పుకునే బోల్టులు. మడిస్తే మంచానికీ పక్క గోడకూ మధ్య సందులో నిలువుగా దూరిపోతుంది. నా చేతి మీదుగా అంతకన్నా మంచి బల్ల ముందూ రాలేదు, తర్వాతా రాలేదు.

మంచం మీద చెక్క వేసి, సిస్టర్ తెచ్చిన గాలి దిండు దాని మీద పెట్టి, సుక్రును తలవైపు గోడకు ఆనించి కూర్చోబెట్టాం. బల్ల అతనే విప్పుకున్నాడు. బుద్రి మిషను ఎత్తిపెట్టింది. ఒక పాత సంచీ గుడ్డ మీద మొదటి కుట్టు వేశాడు. కుట్టు తిన్నగా వచ్చింది. ఆ గుడ్డను నా వైపు చాచి చూపించాడు.

సిస్టర్ అతని దగ్గర కూర్చుని నిదానంగా చెప్పారు. "సుక్రూ, ఒకే చోట కూర్చుంటే పిర్రల కింద రక్తం ఆడదు. చర్మం లోపల్నుంచే చచ్చిపోతుంది. కాసేపటికోసారి చేతుల మీద ఒళ్ళు పైకి లేపు. మధ్యాహ్నం బోర్లా పడుకో. బుద్రీ, రోజూ రాత్రి అతని వెనక వైపు చూడు."

"అలాగే సిస్టరమ్మా" అన్నారు ఇద్దరూ.

ఆ నెలల్లో నేను రెండు మూడుసార్లు అటు వెళ్ళాను. గుమ్మం దగ్గర ఎవరో ఒకరు గుడ్డ పట్టుకుని నిలబడి ఉండేవారు. చైత్రంలో ఇక్కడి గిరిజనులు చేసుకునే ఇటుకల పండగ వచ్చేసరికి రవికలు, లంగాలు గుట్ట పడ్డాయి. కూతురికి కూడా పండక్కి గౌను కుట్టాడు. ఒకసారి గాలి దిండు మంచం కింద పడి ఉండటం చూసి అడిగాను.

"దాని మీద కూకుంటే ఒళ్ళు ఊగతాది బాబూ. హేండిలు తిప్పితే కుట్టు వొంకర పోతాది. పండగయ్యాక ఎట్టుకుంతాను."

దిండు తీసి అతని చేతికిచ్చాను. ఎత్తి కింద పెట్టుకున్నాడు. నేను వెళ్ళాక మళ్ళీ తీసేసి ఉంటాడు. సిస్టర్ వచ్చినప్పుడూ అంతేనని తర్వాత తెలిసింది. రాత్రి బుద్రి చూస్తానంటే, పని ఉంది, రేపు చూడు అనేవాడట.

పండగ అయిపోయాక ఇంట్లో ఏదో కంపు మొదలైంది. బస్తాల వెనక ఎలుక చచ్చిందనుకుంది బుద్రి. కాఫీ బస్తాలన్నీ ఒక్కొక్కటే బయటికి ఈడ్చి, మూలలు ఊడ్చి, పేడతో అలికింది. కంపు పోలేదు. ఆ సాయంత్రం మొగుణ్ణి బలవంతాన పక్కకు తిప్పి చూసింది.

సిస్టర్ వెళ్ళేసరికి పుండు ఎముక దాకా దిగింది. ఊరివాళ్ళు మంచంతో సహా రోడ్డు దాకా మోసుకొచ్చారు. అక్కణ్ణుంచి ఆంబులెన్స్‌లో విశాఖ తీసుకెళ్ళారు.

నేను చూడటానికి వెళ్ళినప్పుడు వార్డులో బోర్లా పడుకుని ఉన్నాడు. చెంప దిండుకు ఆనించి, ఒక కంటితోనే నన్ను చూశాడు. ఆ భుజాలు కరిగిపోయాయి.

"సిస్టర్ సెప్పారు కదా సుక్రూ. దిండు ఎందుకు తీసీసినావు?" అన్నాను. గొంతులో కోపం వద్దనుకున్నా వచ్చింది.

"సెప్పింది. ఒచ్చినప్పుడల్లా సెప్పింది." కాసేపు ఊపిరి తీసుకున్నాడు. "బాబూ, పడిన కాడ్నించీ నాను ఇంటి సూరే సూసినాను. ఆ బల్ల కాడ కూకుంటే తలుపులోంచి తోవ కనపడీది. తోవనెల్లేవోళ్ళు ఆగి, ఏటి సుక్రూ, నా రవిక అయినాదా అనీవోరు. పడుకున్నోణ్ణి ఎవుడూ ఏటీ అడగడు."

బుద్రి మంచం పక్కన నేల మీద కూర్చుని అతని చేతి వేళ్ళు ఒక్కొక్కటే నొక్కుతోంది. ఆ చేతుల్లో ఇంకా స్పర్శ ఉంది కదా, అందుకని.

చీము రక్తానికి ఎక్కిందన్నారు. వానలు పడటం మొదలైన రోజుల్లో సుక్రు చనిపోయాడు.

కొన్ని వారాల తర్వాత సంతకు వచ్చిన బుద్రి నా షాపు ముందు ఆగింది. కూర్చోమంటే కూర్చోలేదు. వెల్డింగ్ ఆపి బయటికి వచ్చాను.

"బాబూ, ఒక్క మాట అడుగుతాను. నిజం సెప్పాల."

"అడుగమ్మా."

"ఆ బల్ల సెయ్యకపోతే ఇంకా బతికుండీవోడా?"

ఆ ప్రశ్న నేను అప్పటికే సిస్టర్‌ను అడిగాను. పడుకోబెట్టి, వేళకు పక్కలు తిప్పుతూ ఉంటే ఏళ్ళ తరబడి ఉండేవాడని ఆవిడ చెప్పారు. ఆ మాట నా లోపలే ఉంది. అబద్ధం చెప్పాలనుకున్నాను. ఆమె ముఖంలోకి చూస్తూ చెప్పలేకపోయాను.

"ఉండీవోడేమో అమ్మా."

ఆమె తలూపింది. "నానూ అదే అనుకుంటన్నాను. అయితే మనిద్దరమూ కలిసి సంపీసినామేటి?"

కాదమ్మా అనాలని నోరు తెరిచాను. ఆమె బుట్ట నెత్తిన పెట్టుకుని సంతలోకి వెళ్ళిపోయింది.

ఈ పనిలోకి కొత్తగా వచ్చేవాళ్ళు ఎవరైనా ఇది చదివితే ఒక్కటి చెప్పాలి. కూలని బల్ల చెయ్యవచ్చు. నలపని బల్ల చెయ్యవచ్చు. చిన్న సందులో దూరే బల్ల చెయ్యవచ్చు. అన్నీ సరిగ్గా కుదిరిన బల్ల దగ్గరి నుంచి మనిషి లేవడు. అతన్ని లేపే బల్ల చెయ్యడం నాకు చేతకాలేదు. ఒళ్ళు పైకి లేపుకోడానికి నేలలో దిగ్గొట్టే ఊతకర్రలు, ఊగని గట్టి ఫోమ్ సీట్లు, గంట కొట్టే గడియారం, అన్నీ గీసి చూశాను. గంట మోగినప్పుడు ఎవరి గుడ్డో ఎదురుచూస్తూ ఉంటే అతను ఆ గంట ఆపేస్తాడని నాకు తెలుసు.

మిరియాల కోత ఏటా వస్తుంది. ఏటా ఎవరో ఒకరు పడతారు. సుక్రు తర్వాత రెండు ఇళ్ళ వాళ్ళు అలాంటి బల్లే కావాలని వచ్చారు. వాళ్ళ ఇళ్ళకు వెళ్ళి, ఇద్దరికీ కొలతలు తీసుకోకముందే సుక్రు ఎలా పోయాడో మొత్తం చెప్పాను. పుండు సంగతి, కంపు సంగతి, బుద్రి అడిగిన మాట, ఏదీ దాచలేదు. మంచం మీదున్న మనుషులు ఇద్దరూ చివరిదాకా విన్నారు. విన్నాక ఇద్దరూ ఒకటే అడిగారు.

"బల్ల ఎప్పుడిత్తావు బాబూ?"